స్టేజీ దాటేలోపు

హైదరాబాద్ అమీర్‌పేటలో ముప్పై మంది ఎక్కారంటే, బండి ఎస్.ఆర్.నగర్ చేరేలోపు ఆ ముప్పై మందికీ టికెట్ కొట్టాలి. రోడ్డు ఖాళీగా ఉంటే ఆ దూరానికి రెండు మూడు నిమిషాలు. అంటే మనిషికి ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్లలోనే ఎక్కడికో అడగాలి, నోటు అందుకోవాలి, టికెట్ ఇవ్వాలి, చిల్లర ఇవ్వాలి, జనంలోంచి దారి చేసుకుని పక్కమనిషి దగ్గరికి జరగాలి. తర్వాతి స్టాపులో మళ్లీ ఇరవై మంది ఎక్కుతారు. పాతవాళ్లలో పదిమందికి ఇంకా టికెట్ ఇవ్వలేదు. ఆ పదిమంది ఎవరో గుర్తు పెట్టుకుంటూనే కొత్తవాళ్లను లెక్కపెట్టుకోవాలి. సిటీ కండక్టర్ ఉద్యోగమంటే ముప్పాతిక వంతు ఇదే.

నా సర్వీసులో ఎక్కువ భాగం 218 మీదే గడిచింది. కోఠిలో బయలుదేరి లక్డీకాపూల్, ఖైరతాబాద్, పంజగుట్ట, అమీర్‌పేట, ఎర్రగడ్డ, మూసాపేట, కూకట్‌పల్లి, మియాపూర్, చందానగర్, లింగంపల్లి మీదుగా పటాన్‌చెరు చేరే రూటు. ఈ ఒక్క రూటు మీదే టికెట్ల ట్రే పట్టుకున్నాను, టికెట్లు కొట్టే టిమ్ మిషను పట్టుకున్నాను, టచ్ స్క్రీన్ మిషనూ పట్టుకున్నాను. ఫోన్‌లో డబ్బులు కొట్టేవాళ్లను చూశాను, అసలు డబ్బే లేని టికెట్‌నూ చింపి ఇస్తున్నాను. పద్ధతి మారినప్పుడల్లా "ఇక మీకు పని తగ్గుతుందిలే" అన్నవాళ్లు చాలామంది. నాకు అర్థమైంది మాత్రం, చార్జీ వసూలుకు పట్టే టైము ఎక్కడికీ పోదు. ఒక పద్ధతిలో అది కండక్టర్ మీద పడుతుంది, ఇంకో పద్ధతిలో డ్రైవర్ మీద పడుతుంది, మరో పద్ధతిలో స్టాపులో ఎండకు నిలబడ్డవాళ్ల మీద పడుతుంది. కొత్తది ఏది వచ్చినా నేను మొదట చూసేది ఆ బరువు ఎవరి మీదికి పోతోందనే.

నేను చేరినప్పుడు ఎడమచేతిలో ట్రే, భుజానికి తోలుసంచి. ఒక్కో రేటుకు ఒక్కో టికెట్ల కట్ట, కట్టకు వంద టికెట్లు, ట్రేలో క్లిప్పుల కింద వరుసగా. ఏ రేటు ఏ వరుసలో ఉందో కళ్లు చూడకుండానే బొటనవేలు వెతుక్కునేది. కావలసిన రేటు కట్ట అయిపోతే రెండు చిన్న టికెట్లు కలిపి ఇచ్చేవాళ్లం. ఆ ట్రే నాకు ఇంకో రకంగానూ పనికొచ్చేది. మగవాళ్లతో కిక్కిరిసిన వెనక భాగంలోకి వెళ్లేటప్పుడు దాన్ని గుండెకు అడ్డంగా పట్టుకుని, "తమ్ముడూ జరుగు, అన్నా కొంచెం జరుగు" అంటూ నడిచేదాన్ని. అక్కా అని పిలిచేవాళ్లు దారిచ్చేవాళ్లు, పిలవనివాళ్లకు ట్రే అంచు తగిలేది. ఆ రోజుల్లో చేరిన ఆడ కండక్టర్లం అందరం అట్లాగే నడిచాం.

టికెట్ చింపడంతో పని అయిపోదు. ప్రతి టికెట్‌కూ నంబరు ఉంటుంది. చార్జీ మారే స్టేజీ దాటేటప్పుడు ఒక్కో కట్ట మీద పైన కనిపించే నంబరును ఎస్.ఆర్. అనే లెక్కల కాగితంలో ఎక్కించాలి. ట్రిప్పు మొదట్లో ఉన్న నంబరు, చివర్లో ఉన్న నంబరు, రెండింటి తేడాను టికెట్ రేటుతో హెచ్చిస్తే ఆ కట్ట వసూలు. అన్ని కట్టలూ కూడితే ట్రిప్పు వసూలు. సంచిలో డబ్బు దానితో సరిపోవాలి. డ్యూటీ ఎక్కేముందు మన సొంత డబ్బు ఎంత దగ్గరుందో కూడా రాసిపెట్టాలి, ఎందుకంటే చెకింగ్ వాళ్లు ఎక్కి సంచి లెక్కపెట్టినప్పుడు తక్కువ ఉన్నా తప్పే, ఎక్కువ ఉన్నా తప్పే. ఎక్కువ ఉంటే ఎవరి దగ్గరో డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వలేదని అర్థం చేసుకుంటారు. ఊగే బండిలో కడ్డీకి వీపు ఆనించి అంకెలు రాయడం నేర్చుకోవడానికే కొత్తవాళ్లకు నెలలు పట్టేది.

జిల్లా బస్సుల్లో ఒక నియమం ఉంది. ఇష్యూ అండ్ స్టార్ట్ అంటాం. అందరికీ టికెట్లు ఇచ్చాకే బండి కదలాలి. అక్కడ స్టాపుకూ స్టాపుకూ మధ్య దూరం ఉంటుంది కాబట్టి అది నడుస్తుంది. సిటీలో ప్రతి స్టాపులో అందరికీ టికెట్లు కొట్టి కదలాలంటే కోఠిలో పొద్దున బయలుదేరిన బండి పటాన్‌చెరు చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది, వెనకాల పంజగుట్ట దాకా ట్రాఫిక్ ఆగిపోతుంది. అందుకే సిటీలో బండి కదులుతుండగానే టికెట్ ఇస్తాం. చెకింగ్ వాళ్లు ఎక్కిన క్షణానికి మనం ఏ వరుసలో ఉన్నామన్నదే మన అదృష్టం. అందుకే స్టేజీ అనే మాట వింటే మాకు గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. స్టేజీ దాటాక టికెట్ లేని మనిషి బండిలో ఉన్నాడంటే, తీసుకోనిది అతనే అయినా, మొదట జవాబు చెప్పాల్సింది మేమే.

చెన్నైలో మా బంధువుల ఇంటికి పోయినప్పుడు అక్కడి సిటీ బస్సులు ఎక్కాను. కండక్టర్ చాలాసార్లు తన సీటులోనే కూర్చుని ఉంటాడు, డబ్బు చేతులు మారుతూ ఆయన దగ్గరికి పోతుంది, టికెట్టూ చిల్లరా అవే చేతుల మీదుగా వెనక్కి వస్తాయి. మన హైదరాబాదులో కండక్టరే తిరగాలి. కానీ రద్దీ మితిమీరినప్పుడు మా దగ్గరా ఆ పద్ధతే నడుస్తుంది. "ముందుకు అందియ్యండన్నా, మూసాపేట ఒకటి" అని ఎవరో అంటారు. యాభై నోటు ఎనిమిది చేతులు దాటి నా దగ్గరికి వస్తుంది, టికెట్టూ మిగిలిన డబ్బులూ మళ్లీ అవే ఎనిమిది చేతులు దాటిపోతాయి. మధ్యలో ఎవరో నొక్కేశారన్న మాట చాలా అరుదుగా విన్నాను. ఒకరి పేరు ఒకరికి తెలియని వంద మంది మధ్య ఆ నమ్మకం ఎట్లా నిలబడుతుందో గానీ, దాని మీద ఆధారపడే ఇన్నేళ్లు ఉద్యోగం చేశాను.

ముఖాలు గుర్తుపెట్టుకోవడం గురించి కొత్త పిల్లలు అడుగుతుంటారు. ముఖాలు గుర్తుండవు. వాళ్లు నిలబడ్డ చోటు గుర్తుంటుంది. ఎర్ర చొక్కా మూడో కడ్డీ దగ్గర, టిఫిన్ డబ్బా పట్టుకున్న పెద్దాయన కిటికీ పక్కన. తలుపు దగ్గర ఎక్కేవాళ్లను చూసేటప్పుడే ముగ్గురు ముగ్గురుగా మనసులో కట్టలు కట్టుకోవాలి. టికెట్ తీసుకోనివాళ్లలో కావాలని ఎగ్గొట్టేవాళ్లు తక్కువ. ఎక్కువమంది కండక్టర్ వస్తుందిలే అని ఎదురుచూస్తూ ఉండిపోయేవాళ్లే. ఎగ్గొట్టేవాళ్లు మాత్రం నన్ను చూడగానే కిటికీ బయటకి చూస్తారు. ఇక ఫుట్‌బోర్డు మీది కాలేజీ పిల్లలు, "పాస్" అని అరిచి ఊరుకుంటారు. రూట్ పాసా, సిటీ అంతా తిరిగే జనరల్ పాసా, తేదీ ఉందా, ఫొటో ఈ అబ్బాయిదేనా, ఇవన్నీ చూడాలి. ఉదయం ఎనిమిదిన్నరకు జేఎన్‌టీయూ దగ్గర అవన్నీ చూస్తూ కూర్చుంటే టికెట్ తీసుకునే మనిషి దిగిపోతాడు. అందుకని కొన్ని రోజులు కూకట్‌పల్లిలో, కొన్ని రోజులు ఎర్రగడ్డలో ఉన్నట్టుండి పాసులన్నీ చూసేదాన్ని. ఎప్పుడు చూస్తానో తెలియకపోతే చాలు, పిల్లలు సర్దుకుంటారు.

నిజానికి నడవలో పని తగ్గించిన పద్ధతి ఏదైనా ఉందంటే అది పాసే. డబ్బు నెలకోసారి, ఎక్కడో కౌంటర్లో చెల్లుతుంది. ఇరవైనాలుగు గంటల టికెట్టూ అంతే. ఒకసారి కొంటే రోజంతా చూపిస్తే చాలు. వసూలును బండి బయటికి తీసుకుపోయే పద్ధతులే సిటీకి మంచివని ఎప్పట్నుంచో నా నమ్మకం.

చిల్లర గురించి చెప్పకపోతే కండక్టర్ కథే కాదు. చార్జీలు ఏడు, ఎనిమిది, పదకొండు, పన్నెండు రూపాయలుగా ఉన్న రోజుల్లో రూపాయి బిళ్ల బంగారంతో సమానం. మొదటి ట్రిప్పులో అందరూ వంద నోట్లే తీస్తారు. సంచిలో ఉన్న చిల్లర ఖైరతాబాద్ దాటకముందే అయిపోతుంది. అప్పుడు టికెట్ వెనక పెన్నుతో బాకీ రాసివ్వాలి, 8 అనో 13 అనో. దిగేటప్పుడు చూపిస్తే ఇచ్చేయాలి. ఇద్దరికి కలిపి ఒక నోటిచ్చి, "ఇద్దరూ దిగి పంచుకోండి" అనడం ఇంకో దారి. ముక్కూమొహం తెలియని ఇద్దరు మనుషులు ఒకే స్టాపులో దిగి, పాన్ డబ్బా దగ్గర నోటు మార్చుకోవడానికి నిలబడటం కిటికీలోంచి చూసేదాన్ని. అందులో ఒకరికి ఆఫీసు ఆలస్యమయ్యేది, ఆ సంగతీ తెలుసు. రెండు రూపాయలు అడగడానికి సిగ్గుపడి దిగిపోయేవాళ్లు ఉంటారు. ఆ రెండు రూపాయలు వాళ్లవి. నేను దిగేవాళ్లను పిలిచి ఇచ్చేదాన్ని, ఆ అలవాటు నాకు మొదటి రోజుల్లో ఒక సీనియర్ అన్న నేర్పాడు. "మనిషి ఊరుకున్నాడని డబ్బు మనదైపోదమ్మా" అనేవాడు.

పావలా 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయింది, అది మాకు ఇబ్బంది కాలేదు, అప్పటికే ఎవరూ ఇవ్వట్లేదు. పది రూపాయల బిళ్లతోనే అసలు గొడవ. పది గీతలదే చెల్లుతుంది, పదిహేను గీతలది దొంగది అని ఎవరు పుట్టించారో గానీ ఊరంతా పాకింది. నేనిస్తే ప్రయాణికుడు తీసుకోడు, ఆయనిస్తే నేను తీసుకోవాలి. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు పధ్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని ప్రకటించింది. ఆ వార్త కాగితం మడిచి సంచిలో పెట్టుకుని కొన్నాళ్లు చూపించాను. 2016 నవంబర్‌లో పెద్దనోట్లు రద్దయినప్పుడైతే, ప్రభుత్వ బస్సుల్లో పాత ఐదువందలు కొన్నాళ్లు తీసుకోవచ్చన్నారు కాబట్టి, పది రూపాయల టికెట్‌కు ఐదువందల నోటుతో వచ్చేవాళ్లు. వాళ్లను తప్పుపట్టలేం, ఇంట్లో ఉన్నది అదే. నా దగ్గరా ఇవ్వడానికి వందలు లేవు. ఆ రోజుల్లో కోపాలన్నీ మా నడవలోనే తీర్చుకున్నారు జనం. తర్వాత చార్జీలు ఐదుల లెక్కకు వచ్చాక రూపాయి బిళ్లల బాధ చాలావరకు పోయింది. మిషన్లూ ఫోన్లూ ఎన్ని వచ్చినా, చిల్లర పోట్లాటను తగ్గించింది మొదట ఈ చిన్న నిర్ణయమే.

టిమ్ మిషన్ వచ్చాక ట్రే పోయింది, ఎస్.ఆర్.లో నంబర్లు రాసే పనీ పోయింది. రూటు, స్టేజీలు, చార్జీలు అన్నీ మిషన్లోనే. ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగుతారో నొక్కితే చార్జీ అదే తేలుస్తుంది. డ్యూటీ దిగాక లెక్క ఒక్క బటన్‌తో వస్తుంది. చేతి నొప్పులు తగ్గాయి. అయితే మిషన్‌కు బండి ఎక్కడుందో తెలియదు, మనమే చెప్పాలి. స్టేజీ దాటగానే బటన్ నొక్కి ముందుకు జరపాలి. జనం మధ్యలో ఇరుక్కుని ఎర్రగడ్డ ఎప్పుడు దాటామో చూసుకోకపోతే మూసాపేటలో ఎక్కినవాళ్లకు కూడా ఎర్రగడ్డ నుంచే చార్జీ పడుతుంది. వర్షాకాలం రాత్రిపూట అద్దాలకు ఆవిరి పట్టి బయట ఏమీ కనిపించదు. అప్పుడు డ్రైవర్ అన్న గట్టిగా స్టాపు పేరు అరిచేవాడు, ఆ కేక విని బటన్ నొక్కేదాన్ని. సాయంత్రానికి బ్యాటరీ నీరసపడితే అక్షరాలు పలచబడతాయి. "ఏం రాసుందో కనబడ్తలేదక్కా" అంటారు. అట్లాంటప్పుడు దగ్గర పెట్టుకున్న పాత కాగితం టికెట్లే దిక్కు.

టిమ్ వచ్చాక కండక్టర్ లేకుండా డ్రైవరే టికెట్లిచ్చే సర్వీసులు జిల్లాల్లో వచ్చాయి. ఆగకుండా పోయే బండ్లకు అది సరిపోతుంది. బస్టాండులో అందరూ ఎక్కుతారు, అందరికీ టికెట్లు ఇచ్చేస్తారు, ఇక బండి దారిలో ఆగదు. సిటీలో కూడా అట్లా చేయొచ్చు కదా అని అడిగేవాళ్లకు నేను అమీర్‌పేట చూపిస్తాను. ముప్పై మంది ముందు తలుపు దగ్గర ఒక్కొక్కరే డ్రైవర్‌కు డబ్బిచ్చి ఎక్కితే, మనిషికి ఐదు సెకన్లే అనుకున్నా, బండి రెండున్నర నిమిషాలు ఆ స్టాపులోనే ఉంటుంది. నేను నడవలో తిరుగుతుంటే అదే పని బండి నడుస్తూ ఉండగా జరుగుతుంది. రూటు మొత్తం మీద ఎన్ని స్టాపులో లెక్కేసుకోండి. ఒక కండక్టర్ జీతం మిగిలిందనుకుంటాం, బండిలో ఉన్న వంద మంది టైము పోయిన సంగతి ఏ కాగితంలోనూ ఎక్కదు.

2017 నవంబర్‌లో నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా మెట్రో మొదలైంది. అమీర్‌పేట నుంచి మియాపూర్ దాకా అది మా 218 నెత్తి మీదే పోతుంది. నేను సెలవు రోజున ఎక్కి చూశాను. టికెట్ పని అంతా గేటు దగ్గరే అయిపోతుంది, రైల్లో ఎవరూ ఎవరినీ అడగరు. అంత జనం అంత తొందరగా ఎక్కి దిగుతుంటే, మా స్టాపులకు కూడా ఈ భాగ్యం ఉంటే బాగుండుననిపించింది.

ఆ తర్వాత వచ్చిన పెద్ద మార్పు మహాలక్ష్మి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. డబ్బులు తీసుకునే పని లేదు కాబట్టి మీకు హాయి అన్నారు మా ఇంట్లోవాళ్లే. వారం తిరగకుండానే జీరో టికెట్ వచ్చింది. ఎంతమంది ఆడవాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయారో లెక్క ఉంటేనే ప్రభుత్వం నుంచి ఆ చార్జీల డబ్బు మా బస్సు సంస్థకు వస్తుంది. కాబట్టి ప్రతి ఒక్కరినీ ఎక్కడికో అడగాలి, కార్డు చూడాలి, సున్నా టికెట్ కొట్టి చేతికివ్వాలి. చిల్లర ఇవ్వడం ఒక్కటే తగ్గింది. ఎక్కేవాళ్లు మాత్రం చాలా పెరిగారు.

"పైసలే లేనప్పుడు టికెట్ ఎందుకు బిడ్డా?" అని అడిగిన పెద్దమ్మలు ఎందరో. "నువ్వు ఎక్కినవని లెక్క రాయాలె పెద్దమ్మా, ఆ లెక్క మీదనే మన బండి నడుస్తది" అని చెప్తే, ప్లాస్టిక్ కవరులో మడిచిపెట్టుకున్న ఆధార్ కార్డు తీసి చూపించేవాళ్లు. అసలు కార్డే ఉండాలన్నది నియమం. ఫోన్‌లో ఫొటో చూపించిన అమ్మాయిలతో మొదట్లో రోజూ వాదనే. నిలబడ్డ మగవాళ్లు "డబ్బిచ్చేది మేము, సీట్లు వాళ్లకా" అని నా మీద విసుక్కున్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు, బండ్లు చాలట్లేదు. అయినా ఈ మార్పు మంచిదేనని నా గట్టి అభిప్రాయం. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు చార్జీ మిగుల్చుకోవడానికి ఎర్రగడ్డ నుంచి అమీర్‌పేట దాకా నడిచిపోతుంటే బండి లోపలి నుంచి ఎన్నో ఏళ్లు చూశాను. ఇప్పుడు వాళ్లే బండెక్కి, పేరు పెట్టి పలకరిస్తున్నారు.

ఇక ఫోన్‌తో కట్టడం. కొత్త మిషన్ తెర మీద క్యూఆర్ వస్తుంది, స్కాన్ చేసి కడతారు. చిల్లర గొడవ లేదు, దొంగనోటు భయం లేదు, డ్యూటీ దిగాక లెక్కపెట్టే డబ్బూ తగ్గింది. కానీ నడవలో అది నగదు కంటే నిదానం. ఫోన్ తీయాలి, యాప్ తెరవాలి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో పిన్ కొట్టాలి, నెట్‌వర్క్ లేకపోతే చక్రం తిరుగుతూ ఉంటుంది. డబ్బు కట్ అయింది, నా మిషన్లో మాత్రం రాలేదంటే ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. ఆ లోపల స్టాపు వచ్చేస్తుంది. కాబట్టి నేను మిషన్ చూపించి "ఫోన్లో యాప్ తెరిచి ఉంచండన్నా" అని ముందే ఇద్దరు ముగ్గురికి చెప్పుకుంటూ పోతాను, తిరిగి వచ్చేటప్పుడు కొట్టిస్తాను.

మా అన్న కొడుకు లండన్‌లో ఉంటాడు. అక్కడి సిటీ బస్సుల్లో 2014 జూలై నుంచి నగదు తీసుకోవట్లేదు, కార్డు తాకించి ఎక్కడమే. "మీకూ అట్లనే వస్తది అత్తా" అంటాడు. రావచ్చు. కార్డు తాకించడం క్యూఆర్ కంటే చాలా తొందర, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ నగదు మాత్రం తీసేయకూడదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో రోజుకూలీ చేసే మనిషి, సాయంత్రం కూలి డబ్బుల్లోంచి ఇరవై తీసి ఇస్తాడు. ఆయన ఫోన్‌లో బ్యాలెన్స్ ఉందా లేదా అన్నదాని మీద ఆయన ఇంటికి చేరడం ఆధారపడకూడదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. బస్టాండ్లలో గ్రౌండ్ బుకింగ్ అని ఒక పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కండక్టర్ కింద నిలబడి, బండి ఎక్కకముందే లైన్లో ఉన్నవాళ్లకు టికెట్లు ఇచ్చేస్తాడు. అదే పద్ధతిలో పొద్దున రద్దీ రెండు గంటలూ కూకట్‌పల్లిలోనూ అమీర్‌పేటలోనూ ఇద్దరిద్దరు మిషన్లు పట్టుకుని కింద నిలబడితే, జీరో టికెట్లు, క్యూఆర్ టికెట్లు, నగదు టికెట్లు అన్నీ బండి రాకముందే అయిపోతాయి. ఎట్లాగూ జనం అక్కడ పదీ పదిహేను నిమిషాలు ఖాళీగానే నిలబడుతున్నారు. బండిలో ఉన్న కండక్టర్ మధ్య స్టాపుల్లో ఎక్కినవాళ్లను చూసుకుంటే చాలు. ఒంట్లో బాగాలేక నడవలో తిరగలేని కండక్టర్లు ప్రతి డిపోలోనూ ఉంటారు, మోకాళ్ల నొప్పులవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు. ఒక కుర్చీ వేసి, నీడ కల్పిస్తే వాళ్లు ఈ పని చక్కగా చేస్తారు. ఒక్క నెల ఈ రెండు స్టాపుల్లో చేసి చూడమని మా డిపో మీటింగుల్లో అడుగుతూనే ఉన్నాను.